లోపలి వైపు రంధ్రం

ఆదివారం వస్తే అందరి మొగుళ్ళూ ఆలస్యంగా లేస్తారు. మా ఆయన మాత్రం తెల్లారకముందే లేచి బాల్కనీ తలుపుకి సేవ మొదలుపెట్టేవాడు. పాత పళ్ళ బ్రష్షుతో చట్రం గాడిలో మట్టి తోమడం, వాననీళ్ళు బయటికి పోయే సన్న బెజ్జాల్ని పిన్నీసుతో పొడవడం, అంచు రబ్బరుకి గుడ్డతో జిడ్డు పట్టించడం. కట్టుకున్న పెళ్ళానికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసిన పాపాన పోలేదు కానీ, ఆ తలుపు కీలు కాస్త కిర్రుమంటే మాత్రం ప్రాణం విలవిల్లాడిపోయేది.

అది మామూలు తలుపు కాదు లెండి. రెండు పొరల అద్దం. ఒక అద్దం మన వైపు, ఇంకోటి వీధి వైపు, మధ్యలో వేలెడు సందు. ఆ సందులో పొడిగాలి ఉంచి, చుట్టూ చీమ కూడా దూరకుండా మూసేస్తారు. చలి రాదు, చప్పుడు రాదు. మేమున్నది పై అంతస్తు. కింద బస్సుల హారన్లు, తోపుడు బండ్ల వాళ్ళ కేకలు, ఒకటే గోల. తలుపు మూసి హ్యాండిల్ కిందికి తిప్పితే చాలు, టీవీ కట్టేసినట్టు అంతా ఆగిపోయేది. హ్యాండిల్ లోపలి వైపే ఉంటుంది. బయట పట్టుకోడానికి ఏమీ ఉండదు.

ఆ సంగతే మా ఆయనకి పెద్ద సరదా.

ఎవరైనా బాల్కనీలోకి వెళ్ళారంటే, వెనకాలే పిల్లిలా వచ్చి తలుపు మూసి హ్యాండిల్ తిప్పేసేవాడు. వాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. తర్వాత అద్దం మీద తట్టేవాళ్ళు. తర్వాత అరిచేవాళ్ళు. లోపలికి ఒక్క ముక్క వినపడదు కదా, ఈయన ఎడమ చెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, కనుబొమలు ఎగరేసి, "ఏంటీ? వినపడట్లేదు!" అనేవాడు. వాళ్ళ మొహం ఎర్రబడేకొద్దీ ఈయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. పెళ్ళైన వారానికే నాకూ అయింది ఆ సన్మానం. చలికి పళ్ళు టకటకలాడుతుంటే అద్దం అవతల ఆయన తీరిగ్గా అరటిపండు వొలుచుకుని తిన్నాడు. ఒళ్ళు మండిపోయింది. తలుపు తీశాక నాలుగు మాటలు అన్నాను. "సరదా కూడా తెలీదేమే నీకు?" అన్నాడు.

మరి ఎందుకు భరించావని అడుగుతారేమో. మా పిట్ట కోసం.

పిట్ట మా చెల్లెలు. గాలేస్తే ఎగిరిపోయేట్టుంటుందని అందరూ అలాగే పిలుస్తారు. మా అమ్మ పోయేనాటికి అది నా చంకలో ఉంది. నేను ఎత్తుకుని తిప్పి, జడలు వేసి, కొట్టి, ముద్దుపెట్టి పెంచుకున్న పిల్ల. నాకంటూ లోకంలో మిగిలింది అదొక్కతే. దాన్ని తన ఇంట్లో ఉంచుకుని చదివిస్తానన్నాడనే రెండో పెళ్ళివాడైనా ఈయన్ని చేసుకున్నాను.

మొదటావిడ ఎలా పోయిందో నాకు పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. ఆయనే చెప్పాడు, అన్నం తింటూ, ఏదో సినిమా కథ చెప్పినట్టు.

"ఊరికే కంగారు మనిషి. కాసేపు బయట ఉంచానంతే. వాన పడుతోంది. పక్క వాళ్ళ బాల్కనీలోకి దాటబోయింది, కాలు జారింది. నేను తీసేవాణ్ణే కదా! టీ తాగి తీద్దామనుకున్నా."

పిట్ట చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. ఆయన ఇంకాస్త పెరుగు వేసుకున్నాడు.

* * *

ఆ చలికాలం మొదట్లోనే అద్దం మసకబారడం మొదలైంది.

మొదట నేను మామూలు ఆవిరే అనుకున్నాను. గుడ్డ తెచ్చి తుడిచాను. పోలేదు. బయటికి వెళ్ళి తుడిచాను. పోలేదు. అప్పుడర్థమైంది, మసక రెండు అద్దాల మధ్య ఉందని. ఎక్కడో అంచు విడిపోయి తడి గాలి లోపలికి చేరిందన్న మాట. పాతబడిన అద్దాలకి ఇది మామూలే.

మామూలు కానిది ఒకటుంది. అద్దమంతా మసకబారాలి కదా? ఇది అలా కాదు. నా మొహం ఎత్తులో, అరచేతి మేర గుండ్రంగా, ఒక్కచోటే. పొద్దువాలే వేళకి వచ్చేది. చూస్తూ ఉంటే కొంచెం పెద్దదయ్యేది... కొంచెం చిన్నదయ్యేది... మళ్ళీ పెద్దదయ్యేది.

"అక్కా," అంది పిట్ట ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి. "అది ఊపిరి తీస్తోంది."

"నోర్ముయ్, పిచ్చి మాటలూ నువ్వూ," అన్నాను.

మర్నాడు సాయంత్రం నేను పనిచేసే మందుల కొట్టు నుంచి వస్తూ వస్తూ అద్దాలు బిగించే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను. పెద్దాయన, మితభాషి. జేబులోంచి సిగరెట్ లైటర్ తీసి వెలిగించి అద్దం దగ్గర పెట్టాడు.

"చూడండమ్మా. రెండు అద్దాలకి నాలుగు ముఖాలు. అందుకని మంట నాలుగుగా కనపడుతుంది. మసక ఏ ముఖం మీదుందో ఇట్టే తెలిసిపోతుంది."

చూశాను. అద్దంలో చిన్న చిన్న మంటలు వరసగా నాలుగు. ఆయన చేతిలో లైటర్ నిటారుగా, కదలకుండా వెలుగుతోంది. అద్దంలో మూడో మంట ఊగింది. ఎవరో ఊదినట్టు పక్కకి వాలింది.

ఆరిపోయింది.

లైటర్ వెలుగుతూనే ఉంది. మిగతా మూడు మంటలూ వెలుగుతూనే ఉన్నాయి.

పెద్దాయన లైటర్ మూసి జేబులో పెట్టుకోడానికి చాలాసేపు తడుముకున్నాడు. "అద్దం మొత్తం మార్చెయ్యాలమ్మా," అన్నాడు నా మొహం చూడకుండా. "చట్రంతో సహా దించి, అలాగే పట్టుకుపోతాను. మీరు మాత్రం దానికి బెజ్జం కొట్టకండి. కొందరు కొడతారు, మసక పోవాలని. ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టకండి."

అప్పుడే మా ఆయన వచ్చాడు. ఇంకేముంది, అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకి. తన తలుపు మీద ఇంకొకడు చెయ్యి వెయ్యడమా! "నాకు తెలీని పనా ఇది? బెజ్జం కొడితే చచ్చినట్టు పోతుంది మసక. బయల్దేరవయ్యా, బయల్దేరు," అని ఆయన్ని తరిమేశాడు.

మర్నాడే డ్రిల్లు పట్టుకొచ్చాడు. ఆ పని బయటి అద్దానికి చెయ్యాలట. తడి గాలి వీధిలోకి పోవాలి కదా. కానీ బయట చలి, పైగా డ్రిల్లు వైరు బాల్కనీ దాకా అందదు. "ఎటు నుంచి కొడితే ఏంటి, బెజ్జం బెజ్జమే," అని లోపలి అద్దానికి కొట్టాడు.

డ్రిల్లు సన్నగా గీపెట్టింది. అద్దం పొడి రాలింది. ఆయన డ్రిల్లు వెనక్కి లాగాడు.

ఉస్స్... మని గాలి బయటికొచ్చింది.

వేలెడు సందులో గాలి ఎంతుంటుంది చెప్పండి? చిటికెలో అయిపోవాలి. అది ఆగలేదు. ఉస్స్... మని వస్తూనే ఉంది. తడిసి ఆరని బట్టల వాసన గదంతా కమ్మేసింది. పిట్ట ముక్కు మూసుకుంది. కిటికీ తెర దానంతటదే ఒకసారి కదిలింది, పక్క నుంచి ఎవరో నడిచి వెళ్ళినట్టు. తర్వాత ఆగింది.

అద్దం తళతళా మెరిసిపోతోంది. మసక లేదు.

"చూశావా?" అన్నాడు మా ఆయన మీసం దువ్వుకుంటూ. బెజ్జానికి చిన్న ప్లాస్టిక్ బిరడా బిగించి, ఆ పూట రెండు కప్పుల టీ తాగాడు.

* * *

అద్దం బాగుపడింది. ఇల్లు పాడైంది.

పొద్దున్న లేస్తే నా దిండు పక్కన, ఎవరూ తల పెట్టని ఇంకో దిండు తడిగా ఉండేది. అల్మారా అద్దం మీద, స్టీలు గ్లాసు మీద, ఆయన కళ్ళజోడు మీద... ఎక్కడపడితే అక్కడ ఆ గుండ్రటి మసక. ఆయన విసుక్కుంటూ తుడుచుకునేవాడు. ఒక ఆదివారం తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూశాడు. రబ్బరు బిగువుగా ఉందో లేదో అలాగే చూస్తాడు. కాగితం లాగితే రాకూడదు. ఆయన లాగాడు, రాలేదు. "అద్దీ!" అని వదిలేశాడు. మూసిన తలుపు సందులోంచి ఆ కాగితం బయటి వైపుకి మెల్లగా, మెల్లగా జారి వెళ్ళిపోయింది. బాల్కనీలో ఎవరూ లేరు. ఆయన కాసేపు తల గోక్కుని, "రబ్బరు మార్చాలి," అన్నాడు. ఆ మనిషికి భయం కూడా రబ్బరు లోపంలాగే కనపడేది!

నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోతుండేవి. పిట్టని తీసుకుని ఎటైనా వెళ్ళిపోదామనుకున్నాను. దాని పరీక్షలు అయ్యేదాకా ఓపిక పట్టమని నాకు నేనే చెప్పుకున్నాను.

అలా చెప్పుకున్న వారంలోనే ఒక సాయంత్రం కొట్టు నుంచి తిరిగొచ్చేసరికి జోరున వాన. తలుపు తీసి చూద్దును కదా, మా ఆయన హాల్లో నిలబడి ఎడమ చెయ్యి చెవి వెనక పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతున్నాడు. అద్దం అవతల పిట్ట. దండెం మీద బట్టలు తీసుకురమ్మని పంపి తలుపు వేసేశాడు. ఒంటికి అతుక్కుపోయిన బట్టలతో వణికిపోతూ, స్టూలు ఎక్కి, పక్కింటి బాల్కనీ వైపు ఒక కాలు చాపుతోంది నా పిల్ల.

ఆయన్ని ఎలా తోశానో తెలీదు. హ్యాండిల్ ఎలా తిప్పానో తెలీదు. దాన్ని నడుం పట్టి లోపలికి లాక్కుని, కింద కూలబడి, గుండెకి హత్తుకుని భోరుమన్నాను.

"అబ్బో, అక్కాచెల్లెళ్ళ నాటకాలు!" అన్నాడాయన. "తీసేవాణ్ణే కదా!"

ఆ మాట. సరిగ్గా అదే మాట.

ఆ రాత్రి పిట్ట ఒళ్ళు కాలిపోయింది. తలుపు వైపే చూస్తూ పడుకుంది. మర్నాడు పొద్దువాలే వేళకి ఇంట్లో ఆయన లేనప్పుడు, నేను బాల్కనీ తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. బిరడా దగ్గర నోరు పెట్టాను.

"అక్కా," అన్నాను. చచ్చిపోయిన సవతిని ఇంకేమని పిలుస్తాం? "అక్కా... ఆయన్ని ఒకసారి బయటికి పంపిస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం."

నా చెంప పక్కన అద్దం మీద మసక కమ్మింది. ఈసారి లోపలి వైపే.

* * *

ఆదివారం సాయంత్రం గాలి మొదలైంది. ఏదో చిన్న విషయం చెప్పినట్టు చెప్పాను.

"ఏమండీ, బయటి రబ్బరు ఊడినట్టుంది. ఈల వేస్తోంది వినండి."

అంతే, చెంగున లేచాడు. బ్రష్షు, గుడ్డ, జిడ్డు డబ్బా పట్టుకుని బయటికి వెళ్ళి, కింద కూర్చుని రబ్బరు వేళ్ళతో తడుముతున్నాడు. నేను తలుపు దగ్గరికి వేశాను. హ్యాండిల్ కిందికి తిప్పాను.

కటక్.

తల ఎత్తి చూశాడు. ముందు నవ్వాడు. అందరూ ముందు నవ్వుతారు కదా.

నేను ఎడమ చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాను. "ఏంటీ? వినపడట్లేదు!" అన్నాను.

చెప్పకూడదు గానీ, ఎంత హాయిగా ఉందో! ఆయన తట్టాడు. గుద్దాడు. నోరు తెరిచి అరిచాడు. అద్దం మీద ఉమ్మి తుంపర్లు పడ్డాయి. చప్పుడు లేదు. ఆయన నోరు చేపలా తెరుచుకోవడం, మూసుకోవడం. నేను నవ్వాను. పెళ్ళైన రోజు నుంచి దాచుకున్న నవ్వంతా నవ్వాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

చీకటి పడుతోంది. వాన మొదలైంది. ఆయన చేతులు జోడించాడు.

ఇక చాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. హ్యాండిల్ పైకి తిప్పాను.

తిరగలేదు.

రెండు చేతులతో తిప్పాను. తిరగలేదు. బిగుసుకుపోయినట్టు లేదు... నా చేతి కింద ఇంకేదో ఉన్నట్టుంది. చల్లగా, మెత్తగా, తడిగా.

అద్దంలోంచి ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూడట్లేదు. నా భుజం పక్కకి చూస్తున్నాడు. చూసి, అరవడం మానేశాడు.

టప్పుమని బిరడా ఊడి నేల మీద పడింది. ఆ బెజ్జంలోంచి ఆయన గొంతు లోపలికొచ్చింది. దారంలా, సన్నగా.

"తియ్యకే... తియ్యకు... దాన్ని బయటికి రానివ్వకు..."

వెనక్కి అడుగేశాడు. ఇంకో అడుగు. నడుముకి పిట్టగోడ తగిలింది. అటు తిరిగి, పిట్టగోడ ఎక్కి, పక్క బాల్కనీ వైపు ఒక కాలు చాపాడు.

తర్వాత అక్కడ వాన ఒక్కటే ఉంది.

హ్యాండిల్ దానంతటదే పైకి తిరిగింది. తలుపు తెరుచుకుంది. అప్పుడు వినపడ్డాయి కింద జనం కేకలు.

* * *

పోలీసులు వచ్చారు, రబ్బరు ముక్కా బ్రష్షూ చూశారు, "పాపం, వానలో పనేంటండీ," అన్నారు. ఇదే చోట మొదటావిడ కూడా జారిందని ఎవరో గుర్తుచేస్తే, పిట్టగోడ ఎత్తు పెంచుకోమని చెప్పి వెళ్ళిపోయారు.

అద్దాల పెద్దాయన్ని మళ్ళీ పిలిచాను. పాత అద్దం దించుతూ బెజ్జం చూసి ఆగిపోయాడు.

"లోపలి వైపా?" అన్నాడు నెమ్మదిగా. "బయటి వైపు కొట్టుంటే ఎటో గాలిలో కలిసిపోయేది కదమ్మా..."

కొత్త అద్దం బిగించి లైటర్ వెలిగించాడు. నాలుగు మంటలు. నాలుగూ నిటారుగా నిలిచాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆయన లైటర్ పట్టుకునే ఇంట్లోకి తిరిగాడు. చేతిలోని మంట పక్కకి వాలి ఆరిపోయింది. ఇంట్లో కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు పాపం.

అయినా నేను ఇల్లు మారలేదు. ఎందుకు మారాలి? ఆవిడ నాకేం చేసింది, మేలు తప్ప? పిట్ట పరీక్షలు రాసింది, పాసైంది, నాలుగు మెతుకులు తిని కాస్త ఒళ్ళు చేసింది. దిండ్లు తడవడం మానేశాయి. గ్లాసుల మీద మసక పోయింది. మా ఇద్దరికీ మంచి రోజులొచ్చాయని అనుకున్నాను.

నిన్న సాయంత్రం వంటింట్లోంచి కేకేశాను. "ఒసేయ్ పిట్టా, టీ తాగుతావా?"

పలకలేదు. మళ్ళీ కేకేశాను. పలకలేదు. ఇదేం చోద్యమని హాల్లోకి వచ్చాను. బాల్కనీ తలుపు పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి ఎడమ చెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుంది. కనుబొమలు ఎగరేసింది.

"ఏంటీ? వినపడట్లేదు!"

చెంప ఛెళ్ళుమనిపించాను. నా చెయ్యి మండింది గానీ దాని మొహంలో నవ్వు చెదరలేదు.

"ఇంకోసారి ఆ వేషాలు వేశావంటే చంపేస్తాను! ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే కదక్కా," అంది. "ఆ రోజు నేను గది గుమ్మంలోనే నిలబడి ఉన్నా. ఎంత బాగా నవ్వావో నువ్వు! ఆవిడ కూడా అదే అంది."

"...ఎవరు?"

"నీ పక్కన నిలబడి నీతో పాటు హ్యాండిల్ పట్టుకున్నావిడ." పిట్ట గొంతు గుసగుసలా తగ్గింది. "మంచిదక్కా, రోజూ నాతోనే పడుకుంటుంది. కానీ పాపం, ఆవిడకి ఇంకా సరదా తీరలేదట."

అది మాట్లాడుతుంటే నోటి వెంట ఆవిరి వస్తోంది. వంటింటి పొయ్యి వేడి హాల్లోకి కూడా వస్తోంది. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, మెత్తగా, తడిగా ఉంది ఆ చెయ్యి.

బయట వాన మొదలైంది.

"అక్కా," అంది పిట్ట తియ్యగా, చిన్నప్పుడు జడ వెయ్యమని అడిగే గొంతుతో. "బట్టలు తడిసిపోతున్నాయి. తీసుకురావా?"

దండెం వైపు చూశాను. దాని మీద ఒక్క బట్ట కూడా లేదు.

తలుపు మాత్రం... అప్పటికే తెరిచి ఉంది.